మూడో ప్రకటన

పెళ్ళిలో ఉండేది ఇద్దరు కాదు, ముగ్గురని పాస్టరయ్యగారు మళ్ళీ చెప్పారు. పురుషుడు, స్త్రీ, వాళ్ళ మధ్యలో దేవుడు. చెప్పిన ప్రతిసారీ మూడు వేళ్ళు పైకెత్తి చూపిస్తున్నారు, మూడంటే ఎన్నో సంఘానికి తెలియదన్నట్టు. తలుపు దగ్గర చివరి బల్ల మీద కూర్చున్న మంగాయమ్మకి ఒళ్ళు మండిపోతోంది. ముగ్గురుంటే అంట్లు ముగ్గురూ తోమాలి కదా. ఆమె కాపురంలో ఆ మూడో ఆయన ఏనాడూ బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది లేదు. రెండో ఆయనా అంతే అనుకో, ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది, పోయినవాడి మీద చాడీలెందుకు. పైన ఫ్యాను తిరుగుతోందో ఆగిందో తెలియాలంటే కాసేపు దాని వంకే చూస్తూ కూర్చోవాలి. రేపల్లెలో ఇన్ని కొట్లున్నాయి, ఒక్క ఫ్యాను కొనలేరు గానీ మైకు మాత్రం ఇద్దరు మోసేంతది తెచ్చారు, అదేమో కీచుమంటుంది. ఒళ్ళో మనవరాలు అలేఖ్య ఆమె చేతి గాజుని తిప్పుతోంది, తిప్పుతూ మణికట్టు దగ్గర చర్మం నొక్కేస్తోంది. తిప్పుకోనీ. ఇంకెన్నాళ్ళు తిప్పుతుంది. ప్రసంగం అయ్యాక కానుక, కానుక అయ్యాక ప్రకటనలు. వాటిలో ఆమె కోడలు సునీల పెళ్ళి ప్రకటన ఉంది. మూడోది, ఆఖరిది. అది చదివాక, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అయ్యగారు అడుగుతారు. అడిగినప్పుడు మంగాయమ్మ లేచి నిలబడాలి. సునీల పెళ్ళి చేసుకుంటే చేసుకోనివ్వండి, నా కొడుకు బిడ్డ మాత్రం నా దగ్గరే ఉండాలి, అది తేలిందాకా పెళ్ళి ఆపండి అనాలి. అనాలా? అనాలి. లేకపోతే వచ్చే గురువారానికి పెళ్ళి, శుక్రవారానికి పిల్ల బాపట్లలో.

అలా అనమని నేర్పింది బావగారు జమలయ్య. ఆమె భర్తకి అన్న, భట్టిప్రోలు సంఘంలో పెద్ద. పోయిన వారం బండేసుకొచ్చి, టీ తాగి, గ్లాసు కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు. "మొదటిసారి చదివినప్పుడు మాట్టాడితే ఎవరూ పట్టించుకోరు మంగా. రెండోసారి మాట్టాడితే సర్దిచెప్తారు. మూడోసారి లెగిస్తే ఆగిపోద్ది. పెద్దలు కూర్చుని తేల్చిందాకా తాళి కట్టటం ఉండదిక. మన ఇంటి పిల్ల ఎవడో బాపట్లోడిని నాన్నా అని పిలవాలా, చెప్పు?" చెప్పడానికి ఆమెని ఎక్కడ చెప్పనిచ్చాడు, ఇంకో టీ అడిగాడు. ఇవాళ భట్టిప్రోలులో తన ఆరాధన మానుకుని మరీ వచ్చి, మగవాళ్ళ వైపు రెండో వరసలో కూర్చుని దగ్గుతున్నాడు. జలుబూ లేదు, గొంతునొప్పీ లేదు. ఆ దగ్గు ఆమె కోసం. అయ్యగారు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ఒకటి వదులుతున్నాడు.

అసలు ఈ పాటికి ఇదంతా అయిపోయి ఉండాల్సింది. మొదటి ప్రకటన నాడు సుందరయ్యగారు చేసిన నిర్వాకం వల్ల ఒక ఆదివారం దండగైంది. ఈ సంఘంలో ప్రకటనలు చదివేది ఆయనే, కాగితం చేత్తో పట్టుకుంటాడు గానీ దాని వంక చూడడు, నోటికి వచ్చేస్తాయంటాడు. ఆ రోజూ అలాగే గొంతు సవరించుకుని, ఈ సంఘ సభ్యుడైన చిరంజీవి ఆకాష్‌కును, కుమారి సునీలకును పరిశుద్ధ వివాహము చేయుటకు నిశ్చయమైనదని గడగడా చదివేశాడు. ఎనిమిదేళ్ళ కిందట ఇదే చోట నిలబడి తనే చదివిన మాటలు. నాలుక పాత దారిన వెళ్ళిపోయింది. ఆకాష్ మంగాయమ్మ ఒక్కగానొక్క కొడుకు. వాడు పోయి మూడేళ్ళు. గుడిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా తలలు దించుకున్నారు. అందరూ ఆమె గుండె పగిలి ఉంటుందనుకున్నారు. కూడిక అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ చేరి వీపు రాశారు, మంచినీళ్ళిచ్చారు. ఏం పగల్లేదు. సుందరయ్యగారు చదివిన ఆ కాస్సేపూ ఆమె అది నిజమేననుకుంది. అబ్బాయి పెళ్ళి, తెనాలి వెళ్ళి బట్టలు తియ్యాలి, వాడి ఒంటి మీద తెల్లచొక్కా పూటైనా నిలవదు, రెండు కుట్టించాలి అనుకుంది. రెండో చొక్కా దాకా వెళ్ళాక గానీ తెలివి రాలేదు. అప్పుడొచ్చింది కోపం, సుందరయ్యగారి మీద కాదు, ఇంకో రెండు మాటలు చదవకుండా మధ్యలో ఆపించిన అయ్యగారి మీద.

అది చెల్లదు, మళ్ళీ మొదటినించీ మూడు ఆదివారాలు చదవాలన్నారు అయ్యగారు. పెళ్ళికొడుకు మధుబాబు బాపట్ల నుంచి పొద్దున్నే బయల్దేరి, చెరుకుపల్లిలో బస్సు మారి వచ్చి కూర్చున్నాడు. తన పేరుకి బదులు చనిపోయినవాడి పేరు చదివితే మనిషన్నవాడికి కాస్త రోషం రావద్దూ. "పర్లేదండి, మళ్ళీ వస్తానండి" అన్నాడు. సుందరయ్యగారు చేతులు పట్టుకుంటే, "పెద్దవాళ్ళండి మీరు" అన్నాడు. ఆ మంచితనం చూస్తే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది. తాగుతాడనో, ముందు పెళ్ళాన్ని కొట్టాడనో నలుగురూ చెప్పుకుంటే ఈ పాటికి ఈ బల్ల మీద ఇలా అవస్థ పడనక్కర్లేదు. ఆ ముందు పెళ్ళాం క్యాన్సరుతో మంచాన పడితే పోయేదాకా రెండేళ్ళు దగ్గరుండి ఎత్తి దించాడట, ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేస్తూ సునీల అతన్ని చూసింది, తెనాలిలో. అతను బస్సు డిపోలో మెకానిక్కు. చేతులు ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ నలుపు పోదు. వచ్చిన మొదటి రోజు ఆమెని ఏమని పిలవాలో తెలియక గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలాడు. కోడలి కాబోయే మొగుడు ఏమవుతాడు? ఈ జిల్లాలో దారిన పోయే ఆటోవాడికి కూడా ఒక వరసుంటుంది, వీడికి లేదు. అత్తయ్యగారూ అన్నాడు చివరికి. "నీకు నేను అత్తనెట్టా అవుతాను నాయనా, పిల్లనిచ్చానా?" అంది ఆమె. సునీల లోపలినుంచి గిన్నె గట్టిగా పెట్టింది. అతను "అవునండి, నిజమేనండి" అన్నాడు. నిజమేనట.

సునీలని తను కనలేదు, పెంచలేదు. బాపట్లలో మిషను హాస్టల్లో పెరిగిన పిల్ల, అమ్మానాన్నా లేరు, పెళ్ళైన కొత్తలో అన్నం తినేటప్పుడు కంచం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని తినేది, ఎవరో లాక్కుంటారన్నట్టు. ఆ చెయ్యి తీయించడానికి ఏడాది పట్టింది. తీయించింది ఎవరు? కొడుకా? వాడు రొయ్యల చెరువుల దగ్గర రాత్రీ పగలూ కాపలా, ఇంటికొస్తే నిద్ర. తీయించింది తను. ఇప్పుడు ఆ పిల్ల రెండు చేతులూ బల్ల మీద పెట్టి దర్జాగా తింటుంది, తిని బాపట్ల వెళ్తుంది. బాపట్లెంత దూరం అత్తయ్యా, బస్సెక్కితే ఎంతసేపు అంటుంది. బస్సెక్కితే! పిల్ల జ్వరంతో నానమ్మా అంటే బస్సెక్కాలా?

అలేఖ్య గాజు వదిలేసి కొంగు అంచు నోట్లో పెట్టుకుంది. "ఛీ, తియ్" అంది మంగాయమ్మ మెల్లగా. అయ్యగారు కష్టాల్లో దేవుణ్ణి నమ్ముకోవటం దగ్గరికి వచ్చారు. వచ్చారంటే ఇంకో పావుగంట. ఈ మాట ఆమెకి ఎంతమంది ఎన్ని రకాలుగా చెప్పారని. వానలో చెరువు మోటారు ఆగిపోయిందని ఆకాష్ నీళ్ళలోకి దిగాడు, తెగిన వైరు ఒకటి ఆ నీళ్ళలోనే ఉంది. ఇంటికి తెచ్చాక వచ్చినవాళ్ళు వచ్చినట్టు చెప్పారు. దేవుడు తనకిష్టమైనవాళ్ళని త్వరగా పిలుచుకుంటాడమ్మా అందో ఆవిడ, ఎనభై ఏళ్ళ అత్తనీ మామనీ ఇంట్లో పెట్టుకుని. అయితే మీ ఇంట్లోవాళ్ళంటే ఆయనకి పడదేంటమ్మా అని అడగబోయి నాలుక కరుచుకుంది. మొయ్యలేని బరువు ఆయన పెట్టడన్నారు ఇంకొకరు. మోసేవాళ్ళని చూసి మరీ పెడతాడా, అయితే మోయటం నేర్చుకోకుండా ఉండాల్సింది. ఇంత విసుగులోనూ నమ్మకం పోయిందా అంటే పోలేదు, అదే ఇంకా చికాకు. పోతే ఆదివారం పడుకునేది. పొద్దున్నే ముగ్గు పొడి లాగా ఆయన పేరే చేతికొస్తుంది. బట్టలు ఉతుకుతూ తిడుతుంది, ఆరేస్తూ బతిమాలుతుంది, అది ప్రార్థనేనని ఎవరూ ఒప్పుకోకపోయినా ఆమెకి వచ్చిన ప్రార్థన అదే.

ప్రభువే నీ పెనిమిటి అన్నారు అప్పటి అయ్యగారు, ఈయన కాదు, ఈయనకి ముందాయనకి ముందాయన. ఆమెకి అప్పుడు ఇరవై ఏడేళ్ళు, పచ్చకామెర్లతో మొగుడు పోయి రెండేళ్ళు. సంగం జాగర్లమూడి నుంచి పున్నారావనే తాపీ మేస్త్రి కాలవ మీద వంతెన పనికి వచ్చి, అక్కడ కూలికి వెళ్ళే ఆమెని చూసి, వాళ్ళక్కతో మాట పంపాడు. పెళ్ళాం పోయినవాడే. పిల్లవాడిని కూడా చూసుకుంటానన్నాడు. ఆ వారం రోజులూ ఆమె కుంకుడుకాయలు కొట్టి తలంటుకుంది, ఎందుకో తనకే తెలియదు. అయ్యగారు, జమలయ్య బావగారు, ఇంకిద్దరు పెద్దలు వచ్చి మంచం మీద కూర్చున్నారు. విశ్వాసంలో ఉన్న విధవరాలికి మళ్ళీ పెళ్ళేంటమ్మా, దేవుడికి అంకితమై ఉండాలి, వాక్యం అలా చెప్తోంది అన్నారు. చేతిలో గ్రంథం ఉంది, తెరవలేదు. తెరిచినా ఆమెకేం తెలుసు, అప్పటికి ఆమెకి అక్షరాలన్నీ ఒకే చీమల బారు. సరేనంది. వంతెన పని అయిపోయింది, పున్నారావు వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ కాపురం ఆ పై ఆయనతోనే. తిన్నావా అని అడగని మొగుడు. అలిగితే పట్టించుకోడు, అలక తీరి వస్తే ఎక్కడికెళ్ళావనీ అడగడు.

అరవైకి దగ్గరపడ్డాక, అయ్యగారి భార్య మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి చదువు చెప్తానంటే వెళ్ళింది, మోకాళ్ళ నొప్పికి కాస్త కూర్చున్నట్టుంటుందని. అ ఆలు, గుణింతాలు, ఆ తర్వాత పెద్దక్షరాల గ్రంథం. ఒక రోజు వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వెళ్తుంటే, భర్త చనిపోయిన ఆడది తనకిష్టమైనవాణ్ణి పెళ్ళి చేసుకోవచ్చు, వాడు విశ్వాసంలో ఉంటే చాలు, అన్న మాట వేలి కింద పడింది. మళ్ళీ చదివింది. వేలు అక్కడే ఉంచి, "ఇది ఇదివరకు కూడా ఉందాండీ అమ్మగారూ?" అంది. అమ్మగారు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. "రెండు వేల ఏళ్ళ నుంచీ ఉందమ్మా." రెండు వేల ఏళ్ళ నుంచీ ఉన్నది మంచం మీద కూర్చున్న నలుగురికీ ఆ రోజు కనపడలేదు. అదే గ్రంథంలో ఉన్న, అత్తని విడిచిపెట్టని కోడలి కథ చెప్పి సునీలని అలా ఉండమని బుద్ధి చెప్పిన ఆడవాళ్ళంతా, ఆ కథలో ఆ కోడలికి మళ్ళీ పెళ్ళయిందని, చేసింది ఆ అత్తేనని ఒక్కళ్ళూ చెప్పలేదు. అదీ తనే చదువుకుంది. మండిపోయి, ఇంటికొచ్చి, ఆ సాయంత్రం ఆ వాక్యాన్నే పాఠంలాగా పైకి చదివింది. మర్నాడూ చదివింది. ఒత్తులు పలకడం లేదని మూడో రోజూ చదివింది. వంకాయలు తరుగుతున్న సునీల తలెత్తలేదు, ముక్కలు మాత్రం ఉండేకొద్దీ సన్నగా పడ్డాయి. ఎవరన్నా ఈ పెళ్ళి ఎవరు కుదిర్చారంటే ఏం చెప్పాలి? తన నోరే. కళ్ళు తెరిపించిన అమ్మగారిని అనాలి. నోరు మూసుకుని మనసులో చదువుకోవటం కూడా నేర్పి ఉండాల్సింది.

సుందరయ్యగారు తప్పు చదివిన రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి సునీల పప్పు పొయ్యి మీద పెట్టింది. వెనక్కి తిరక్కుండానే, "ఆ ఒక్క నిమిషం నాకూ బాగుందత్తయ్యా" అంది. అంతే. "పప్పు మాడుద్ది, చూడు" అంది మంగాయమ్మ. మాడలేదు. పట్టుకుని ఏడవాల్సిన చోట పప్పు గురించి మాట్లాడింది.

కానుక సంచి వచ్చింది, వెళ్ళింది. సుందరయ్యగారు లేచారు. ఈసారి కళ్ళద్దాలు పెట్టుకున్నారు, కాగితం కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకున్నారు, ఒక్కో మాటా మేకు కొట్టినట్టు చదువుతున్నారు. బాపట్ల సంఘ సభ్యుడైన మధుబాబుకును, ఈ సంఘ సభ్యురాలును, కీర్తిశేషులు ఆకాష్ గారి భార్యయునైన సునీలకును. ఇది మూడవ ప్రకటన. జమలయ్య దగ్గాడు. ఇందునుగూర్చి న్యాయమైన అభ్యంతరము ఎవరికైనా ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను అని అయ్యగారు సంఘం వైపు చూశారు. మంగాయమ్మ నోట్లో మాటలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. నా కొడుకు బిడ్డ. నా దగ్గరే. పెద్దలు తేల్చిందాకా. ప్రభువా, చెప్పమంటావా వద్దంటావా, ఒక్కసారన్నా నోరు విప్పి చెప్పు, ముప్పై ఏళ్ళ కాపురం, ఒక్క మాట.

"నానమ్మా, ఒంటికి" అంది అలేఖ్య.

"ఆగు."

"ఆగదు నానమ్మా."

ఆగదని పిల్ల మొహంలోనే తెలుస్తోంది. మంగాయమ్మ లేచింది. బల్ల కిర్రుమంది. ఆ చప్పుడుకి గుడి మొత్తం వెనక్కి తిరిగింది. ఆడవాళ్ళ చేతులు నోళ్ళకి అడ్డం వెళ్ళాయి. జమలయ్య దగ్గు ఆగిపోయింది. మధుబాబు తల వంచుకున్నాడు. అందరూ చూశారు, సునీల ఒక్కతే తిరగలేదు. ముందు వరసలో ఆ పిల్ల వీపు మాత్రం బిగుసుకుపోయింది, కుడిచెయ్యి ముందుకొచ్చి ఒంటికి అడ్డంగా ఆగింది, దేన్నో ఎవరో లాక్కోబోతున్నట్టు.

"అమ్మా, ఏమన్నా చెప్పాలా?" అన్నారు అయ్యగారు, మైకు పక్కకి తిప్పి.

చెప్పాలి. ఎన్నో చెప్పాలి. ఆ చెయ్యి అక్కడినుంచి తీయించడానికి ఏడాది పట్టిందని చెప్పాలి. మళ్ళీ పెట్టించడానికి ఒక్క మాట చాలని ఇప్పుడే తెలిసిందని చెప్పాలి.

"పిల్లకి ఒంటికొచ్చిందండయ్యా" అంది గట్టిగా, చిరాగ్గా. "నాకేం అభ్యంతరం లేదు. మీరు కానివ్వండి, ఇప్పటికే మధ్యాహ్నమైంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెనక ఇంకొకరు. ఆమె పిల్లని చంకలో వేసుకుని బయటపడింది. ఎండ నెత్తి మీద పడింది. గుడి వెనక పిల్లని కూర్చోబెట్టి, నిలబడి, పైకి చూసింది. ఇదా నీ పద్ధతి? ఇన్నేళ్ళకి ఒక్క మాట అడిగితే పిల్లకి ఒంటికి తెప్పించి చెప్తావా? మర్యాదగా చెప్పటం రాదా నీకు? కళ్ళలో నీళ్ళు ఎండవల్ల కాదు, అబద్ధం ఎందుకు. కుళాయి దగ్గర పిల్ల కాళ్ళు కడిగింది. అప్పటికే జమలయ్య చెప్పులేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏంటి మంగా ఇది? నేను చెప్పిందంతా ఏమైంది? లేచి కూడా..."

"మీకంత ఉంటే మీరే లెగాల్సింది బావగారూ."

"నేను లెగిస్తే ఏం బాగుంటది? నీ నోటితో వస్తేనే దానికి విలువ."

"నా నోటితోనే వచ్చిందిగా. ఆనాడు మంచం మీద కూర్చుని నన్ను కూర్చోబెట్టారు, ఇవాళ నిలబెట్టాలని చూస్తన్నారు. నా మోకాళ్ళు మీ కోసం అరగలేదు. తిని వెళ్ళండి, కూర ఉంది."

ఆమె ఆగలేదు. వెనక తలుపు నుంచే లోపలికి వెళ్ళింది, ఆ తలుపు వేదిక పక్కన తెరుచుకుంటుంది. ప్రార్థన కోసం రెండు వైపుల పెళ్ళివాళ్ళనీ అయ్యగారు ముందుకి పిలిచినట్టున్నారు. మధుబాబు బల్ల నిండిపోయింది, వాళ్ళమ్మ, అక్క, బావ, బాపట్ల నుంచి వచ్చిన ఇంకెవరో, ఇరుక్కుని కూర్చున్నారు. ఇటువైపు బల్ల మీద సునీల ఒక్కతే. పక్కన తన చేతిసంచి పెట్టుకుంది, మనిషిని కూర్చోబెట్టినట్టు.

మంగాయమ్మ పిల్లని నడిపించుకుంటూ సంఘం మొత్తం ముందు నుంచి నడిచింది. సునీల కళ్ళెత్తి చూసింది. ఏదో అనబోతోంది.

"ఆ సంచి తియ్యి" అంది మంగాయమ్మ. "జరుగు."

సునీల సంచి ఒళ్ళోకి తీసుకుని జరిగింది.

"ఇంకాస్త జరుగమ్మా, పిల్ల కూడా కూర్చోవాలి."